నా పేరు మీద ఎక్స్‌రే

మార్చి 4, బుధవారం

ఈ పుస్తకం మిల్లులో షిఫ్టు రిజిస్టరుగా మొదలై, నాలుగు పేజీలకే నీళ్ళు పడి మూలన పడింది. గీతలు గీసిన కాగితం కనిపిస్తే ఏదో ఒకటి నింపాలనిపించడం ఇరవై రెండేళ్ళ అలవాటు. యంత్రం ఎన్ని గంటలు నడిచింది, ఎందుకు ఆగింది, చూసినవాడు ఎవడు. ఇందులో యంత్రమూ నేనే, చూసేవాడూ నేనే.

ఈ రోజు ఒక పని చేశాను. తప్పో ఒప్పో తరువాత తేల్చుకుంటాను. ముందు జరిగింది రాస్తాను.

మాది పలుగురాయిని పిండి చేసే మిల్లు. ఏడాదికోసారి గోడ పక్కన ఎక్స్‌రే వ్యాను వచ్చి నిలుస్తుంది. అందరికీ ఛాతీ తీస్తారు. ఊపిరితిత్తుల్లో మచ్చలు కనిపించినవాణ్ణి గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెడతారు. దానికి లైట్ డ్యూటీ అని మంచి పేరు. ఆ కుర్చీలో మూడు నెలలు దాటి కూర్చున్నవాణ్ణి నేను చూడలేదు. ఆ తరువాత ఇంటికే. అందుకని వ్యాను వచ్చే వారం మా మిల్లులో ఎవడూ దగ్గడు. దగ్గొస్తే తుమ్ముగా మార్చేసుకుంటాడు.

నాకు డిసెంబరు నుంచి దగ్గు. పగలు గొంతులో గరగర, నాలుగు పొడి దగ్గులు. తెల్లవారుజామున ఇంకా ఎక్కువగా దగ్గుతున్నారని నా భార్య చెప్పింది. నిద్రలో సంగతి నాకేం తెలుసు? నాన్న ఈ మిల్లులోనే పనిచేశాడు. దగ్గి దగ్గి నలభై ఆరేళ్ళకు పోయాడు. టీబీ అన్నారు. నాకు ఇప్పుడు నలభై రెండు.

అందుకని నా బదులు తమ్ముణ్ణి పంపాను.

వాడికి ఇరవై ఎనిమిది. మిల్లు గేటు లోపల ఒక్క రోజు పనిచేసి ఎరగడు. నాన్న పోయినప్పుడు వాడికి పద్నాలుగేళ్ళు. ఈ గేటు నువ్వు దాటావంటే కాళ్ళు విరగ్గొడతానని ఆ రోజే చెప్పాను. తెలిసినవాళ్ళ కాళ్ళూ గడ్డాలూ పట్టుకుని, వంటగట్టు పలకలు కోసి బిగించే షాపులో పెట్టించాను. అద్దాల తలుపు, చల్లటి షోరూము, తెల్లగా మెరిసే పలకలు. ఆ పని చేసేవాడి ఊపిరితిత్తులు ఎంత శుభ్రంగా ఉంటాయి!

నా గుర్తింపు కార్డు మీద ఫోటో పద్నాలుగేళ్ళ కిందటిది. ఇప్పుడు ఆ ఫోటోలో నాకంటే వాడే ఎక్కువ నాలా ఉన్నాడు. నా హెల్మెట్ పెట్టుకుని, మాస్కు గడ్డం కిందికి లాక్కుని, మమ్మల్నందరినీ ఎరిగిన కాంపౌండరు భోజనానికి వెళ్ళిన అరగంటలో వెళ్ళి తీయించుకుని వచ్చాడు. వ్యాను వాళ్ళు కొత్తవాళ్ళు. నంబరు చూశారు, ఊపిరి బిగపట్టమన్నారు, అయిపోయింది.

వాణ్ణి ఒప్పించడానికి నేను రెండు రోజులుగా మాటలు కూడబలుక్కున్నాను. ఒక్కటీ అవసరం పడలేదు. సరే అన్నయ్యా అన్నాడు, అంతే. అలాంటివాడు వాడు.

మార్చి 5

దగ్గు లేదు. గొంతు కూడా బాగుంది. ముందే ఇలా ఉంటే వాణ్ణి శ్రమ పెట్టేవాణ్ణే కాదు.

మార్చి 10, మంగళవారం

కాంపౌండరు పిలిపించాడు. మా మిల్లులో ప్రథమ చికిత్స గది అంటే ఒక మంచం, ఒక బీరువా, ఆయన. నా కంటే పదేళ్ళు పెద్ద, నాన్నను ఎరిగినవాడు. తలుపు వేయమన్నాడు.

రెండు వైపులా పైభాగంలో చిన్న చిన్న మచ్చలు ఉన్నాయట. చాలా ఉన్నాయట. మిల్లుకు పెద్ద డాక్టరు నెలకోసారి వస్తాడు, ఈ నెల వచ్చి వెళ్ళిపోయాడు. ఏప్రిల్ రెండో వారంలో మళ్ళీ వచ్చేదాకా నీ ఫిల్ము మాత్రం ఆఫీసుకు పంపకుండా బీరువాలో ఉంచుతాను, ఎవరికీ చూపించను, ఈలోగా ఇంట్లో సంగతులు సర్దుకో అన్నాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

ఇది నా ఒక్కడి కోసం రాసుకునేది కనుక ఉన్నదున్నట్టు రాస్తున్నాను. మొదట నాకు కలిగింది సంతోషం. మచ్చలు నావి కావు. ఆ గదిలోంచి బయటికి వచ్చి పంపు దగ్గర మొహం కడుక్కునేదాకా ఆ సంతోషం ఉంది. కడుక్కుంటూ ఉండగా రెండో సగం గుర్తొచ్చింది. నావి కాకపోతే ఎవరివి?

ఇంటికి వెళ్ళేసరికి వాళ్ళిద్దరూ నా కోసమే చూస్తున్నారు. వ్యాను రిపోర్టులు వచ్చాయని పక్కింటివాళ్ళు చెప్పారట. నా భార్య చేతిలో టీ గ్లాసు. తమ్ముడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు, లోపలికి రాడు, బయటికి పోడు.

క్లియర్ అన్నాను.

నేననుకుని అనలేదు. నోటికి ఆ మాటే వచ్చింది.

తమ్ముడు ఒక్క అంగలో వచ్చి నన్ను గట్టిగా పట్టుకున్నాడు. నవ్వుతున్నాడు. వదినకు ఇంకో టీ పెట్టమన్నాడు, తనే వెళ్ళి పాలు తెచ్చాడు. నా ఎక్స్‌రే బాగుంటే వాడికి అంత ఆనందం ఎందుకో. నా ఉద్యోగం నిలబడిందని కాబోలు. అన్నదమ్ములంటే అలా ఉండాలని నా భార్య కూడా అంది.

మార్చి 11

ఇది అబద్ధం కాదు. నాకు మచ్చలు లేవు అని చెప్పాను. నాకు లేవు కదా.

నాకు లేవని ఎవరు చెప్పారు? నాది ఎవరూ తీయలేదు.

మార్చి 13, శుక్రవారం

ఫిల్ములు మారి ఉంటాయి. ఇంతకన్నా తేలికైన సంగతి లేదు, మూడు రోజులు నాకు తట్టలేదంటే నా బుర్ర ఎంత పనిచేస్తోందో తెలుస్తోంది. నూట ఎనభై మందికి ఒక పూటలో తీశారు. నంబరు బిళ్ళలు ఒక డబ్బాలో పోసి పెట్టారు. నాది 117. తమ్ముడికి ముందు నిలబడినవాడు పొడుగాయన, వాడిది 116. ఒకదాని బదులు ఒకటి తగిలించడం ఎంతసేపు?

పొడుగాయన పిండి బస్తాలు నింపే షెడ్డులో పదిహేనేళ్ళుగా ఉన్నాడు. మచ్చలు రావాల్సిన మనిషే. పాపం.

మార్చి 14

పొడుగాయనకు కూడా మచ్చలున్నాయి. వాడి మచ్చలు వాడికే ఉన్నాయి. ఈ రోజు నుంచి గేటు దగ్గర కుర్చీలో ఉన్నాడు.

వాణ్ణి అడిగినప్పుడు నా మొహం ఎలా ఉందో, "నీకేం అన్నా, తడి వైపు మారిపోయావు, బతికిపోయావు" అన్నాడు. నిజమే, నేను ఎనిమిదేళ్ళు బస్తాల షెడ్డులో చేసి, తరువాత ఇసుక కడిగే జల్లెడ దగ్గరకు మారాను. పద్నాలుగేళ్ళుగా నా కాళ్ళు నీళ్ళలో నానుతున్నాయి. గోళ్ళు పుచ్చిపోయాయని ఏడ్చేవాణ్ణి.

మార్చి 16, సోమవారం

ఒక ఆలోచన వచ్చింది. నేను రోజూ మిల్లు బట్టలతోనే ఇంటికి వస్తాను. తమ్ముడు పడుకునే ముందుగదిలోనే విప్పి, దులిపి, వంకెకు తగిలిస్తాను. ఇన్నేళ్ళుగా. అదే కారణమా? అలాగైతే నా భార్యకు ఎందుకు లేదు? ఆవిడకు ఎవరు తీశారు? ఈ ఇంట్లో ఎవరికి ఏముందో ఎవరికీ తెలియదు, ఎక్స్‌రే మాత్రం ఒకటుంది, దాని మీద పేరు తప్పు.

ఈ రోజు నుంచి మిల్లులోనే స్నానం చేసి, వేరే బట్టలు కట్టుకుని వస్తున్నాను.

మార్చి 17

తమ్ముడు స్నానాల గదిలో పంపు పూర్తిగా తిప్పి వదిలేస్తున్నాడని, నీళ్ళన్నీ అయిపోతున్నాయని నా భార్య సణుగుడు. నాకు వేరే ఆలోచనలున్నాయి.

మార్చి 19, గురువారం

ఇంట్లో యుద్ధం. నా భార్య ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఇరవై ఏళ్ళుగా లేని శుభ్రం ఇప్పుడెక్కడి నుంచి వచ్చిందని అడిగింది. సబ్బు వాసనతో ఇంటికి వచ్చే మొగుణ్ణి ఏ పెళ్ళామైనా అడుగుతుందట. దుమ్ము ఇంట్లోకి తేకూడదని చేస్తున్నానంటే, అయితే ఇన్నాళ్ళూ తెచ్చింది ఏమిటంది. జవాబు లేకపోవడాన్ని ఆవిడ ఇంకోలా అర్థం చేసుకుంది.

తమ్ముడు మధ్యలో దూరి, "అన్నయ్యని చూసి మనసు పారేసుకునే ఆవిడ ఎవరో నాకూ చూపించు వదినా" అన్నాడు. ఆవిడ నవ్వేసింది. నేను నవ్వలేకపోయాను. వాడు నవ్వుతూ నవ్వుతూ చటుక్కున ఆపి, మంచినీళ్ళ కోసం లోపలికి వెళ్ళాడు.

నవ్వు ఎందుకు ఆపాడు?

ఏమీ లేదు. దాహం వేసి ఉంటుంది.

మార్చి 22, ఆదివారం

తమ్ముణ్ణి షాపులో కటింగ్ మేస్త్రీని చేశారు. నిజానికి పదకొండు రోజుల కిందటే ఒప్పుకున్నాడట, ఖాయమయ్యాక చెబుదామని ఆగాడట. ఇకపై పెద్ద పలకలన్నీ వాడే కోస్తాడు. ఇద్దరు మనుషులు వాడి కింద. నా భార్య దిష్టి తీస్తానంది.

నేను కూడా భుజం తట్టాను. ఏమని తట్టానో నాకే తెలియదు.

మార్చి 26, గురువారం

సెలవు పెట్టి షాపుకు వెళ్ళాను. వాడు అక్కడ చేరి అయిదేళ్ళు దాటింది, నేను వెనక్కి వెళ్ళి చూడ్డం ఇదే మొదటిసారి. ఎప్పుడూ అద్దాల తలుపు దగ్గర నిలబడి పిలిచేవాణ్ణి, వాడే వచ్చేవాడు. వచ్చేముందు మొహం కడుక్కుని, తల దువ్వుకుని వచ్చేవాడు.

వెనక రేకుల షెడ్డు. మూడు వైపులా మూసి ఉంది. తమ్ముడు పలక మీదికి వంగి మిషనుతో కోస్తున్నాడు. మొదట వాడు కనపడలేదు, చప్పుడు మాత్రమే వినపడింది. దుమ్ము తెల్లగా అలముకుని ఉంది. మా మిల్లులో బస్తాల షెడ్డులో కూడా ఇప్పుడు అంత ఉండదు, అక్కడ దుమ్ము లాగేసే గొట్టాలు పెట్టి ఏడేళ్ళయింది. వాడి మూతికి చేతిరుమాలు కట్టి ఉంది. నన్ను చూసి మిషను ఆపి, రుమాలు దింపి నవ్వాడు. రుమాలు ఉన్నంత మేరా మొహం ఒక రంగు, మిగతాది ఇంకో రంగు. కనురెప్పల వెంట్రుకలు తెల్లగా, ముసలివాడిలా ఉన్నాడు.

నీళ్ళు చల్లుతూ కోసే మిషను మూలన ఉంది. షాపు యజమానిని అడిగాను, అది వాడరా అని. మంచి మనిషే, నాకు కుర్చీ వేయించాడు. నీళ్ళతో కోస్తే బురదవుతుంది, గీత సరిగ్గా కనపడదు, ఆలస్యం. ఇళ్ళల్లో బిగించేటప్పుడైతే వాళ్ళ కొత్త ఇంట్లో నీళ్ళు పారించనివ్వరు, పొడిగానే కోయాలి. అయినా ఇది మీ మిల్లు దుమ్ము లాంటిది కాదు, వంటింట్లో పెట్టుకునే సరుకు, దీని మీదే తినే వస్తువులు పెట్టుకుంటారు అన్నాడు. నేను తల ఊపాను. అయిదేళ్ళ కిందట ఇదే మాట నేను తమ్ముడికి చెప్పాను.

వచ్చేస్తుంటే రంగురంగుల కాగితం ఒకటి చేతిలో పెట్టాడు. అందులో రాసి ఉంది: తొంభై మూడు శాతం స్వచ్ఛమైన పలుగురాయి.

బస్సులో ఆ కాగితం చదువుతూనే ఉన్నాను. తొంభై మూడు. దిగాల్సిన చోట దిగలేదు.

మార్చి 27

మిల్లు ల్యాబులో పిండి పరీక్షించే మేడమ్ ఉంది. రోజూ నా జల్లెడ దగ్గర ఇసుక పట్టుకెళుతుంది. అడిగాను, ఎవరికో తెలిసినవాళ్ళకు అన్నట్టు.

ఆవిడ ఓపికగా చెప్పింది. ఏటి ఇసుక, కిటికీ అద్దం, మన పిండి, ఆ పలక, అన్నీ సిలికాయే. భూమిని ఎక్కడ తవ్వినా అదే ఎక్కువ. అంత మామూలు వస్తువు ఇంకోటి లేదు. ఇసుకలో పిల్లలు ఆడుకున్నా ఏమీ కాదు. దాన్ని కోసి, నూరి, కంటికి కనపడనంత మెత్తగా చేసి పీల్చుకుంటేనే చేటు. మనకు కనపడే దుమ్ము ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది, దగ్గితే పోతుంది. కనపడనిది లోపలికి వెళ్ళి అక్కడే ఉండిపోతుంది.

ఎన్నేళ్ళకు మచ్చలొస్తాయని అడిగాను. మన దగ్గరైతే పదిహేను, ఇరవై. ఆ పలకలు పొడిగా కోసేవాళ్ళకైతే నాలుగైదేళ్ళకే వస్తున్నాయట. కుర్రవాళ్ళకే ఎక్కువట.

"ఎవరండీ వాళ్ళు, మీకు బాగా కావలసినవాళ్ళా?" అని అడిగింది.

అంత దగ్గర కాదన్నాను.

మార్చి 28

దుమ్ములోంచి తప్పించాననుకున్నాను. పెనం మీంచి తీసి పొయ్యిలో పడేశాను. వాడు మిల్లులో చేరి ఉంటే తడి వైపు వేయించుకునేవాణ్ణి. నా పక్కనే ఉండేవాడు. గోళ్ళు పుచ్చేవి, అంతే.

మార్చి 29, ఆదివారం

చెప్పలేదు.

మార్చి 30

ఈ రోజు కూడా చెప్పలేదు. చెబితే ఏమవుతుందో వరుసగా రాస్తే ధైర్యం వస్తుందేమో. చెబితే వాడు పని మానేయాలి. చెబితే, ఇరవై రోజులుగా తెలిసి ఎందుకు చెప్పలేదని అడుగుతాడు. ఎక్స్‌రే మోసం బయటపడితే నా ఉద్యోగం పోతుంది, ఇద్దరం ఒకేసారి ఇంట్లో కూర్చోవాలి. చెప్పకపోతే, వాడు ఆ షెడ్డులో కోస్తూ ఉంటాడు.

రాశాను. ధైర్యం రాలేదు. ముందు నాది చూపించుకుంటాను. నాకూ ఉన్నాయని తేలితే చెప్పడం తేలిక. ఇద్దరికీ ఉందిరా అనవచ్చు.

నాకూ ఉండాలని కోరుకుంటున్నానా? అవును. చదువుకుంటే పిచ్చి రాతలా ఉంది. అయినా అవును.

ఏప్రిల్ 3, శుక్రవారం

ఊరికి ఆ చివర ఛాతీ ఆసుపత్రికి వెళ్ళి, నా సొంత పేరు మీద, నా సొంత ఛాతీ తీయించుకున్నాను. డాక్టరు లైటు పెట్టి చాలాసేపు చూశాడు. మీరు పలుగురాయి మిల్లులో పనిచేస్తారని నమ్మబుద్ధి కావడం లేదన్నాడు. మచ్చలు లేవు. ఏడాదికోసారి చూపించుకుంటూ ఉండండి, మాస్కు వదలకండి అన్నాడు.

మరి దగ్గు?

కడుపులో పులుపు గొంతులోకి ఎగదన్నుతోందట. గ్యాస్. పొద్దున్నే ఖాళీ కడుపుతో టీ మానేయమని, తలకింద ఎత్తు పెట్టుకోమని చెప్పి మాత్రలు రాశాడు. తెల్లవారుజామున చాలా దగ్గుతానట డాక్టరు గారూ అంటే, మీరు చెప్పిన లక్షణాలతో అంత దగ్గు ఉండకూడదే అన్నాడు.

గ్యాస్ కోసం నా తమ్ముణ్ణి పంపాను.

బయట మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. అందరూ నాకు మచ్చలున్నాయనుకుని ఉంటారు. ఒక ముసలాయన తన సీసాలో నీళ్ళు ఇచ్చాడు.

ఏప్రిల్ 5, ఆదివారం

నా భార్య బజారుకు వెళ్ళింది. తమ్ముడు పెరట్లో అద్దం మేకుకు తగిలించుకుని గడ్డం గీసుకుంటున్నాడు. ఒక బుగ్గ అయింది, రెండో బుగ్గ మీద నురగ. ఇప్పుడు కాకపోతే ఇక ఎప్పుడూ కాదు అనుకుని చెప్పేశాను.

"ఆ ఎక్స్‌రే క్లియర్ కాదురా. మచ్చలున్నాయి. నేను అబద్ధం చెప్పాను."

వాడు అద్దంలోంచే నన్ను చూశాడు. ఎప్పుడు తెలిసిందని అడిగాడు. పదో తారీఖునే అన్నాను. వాడు పాలు తెచ్చి, టీ పెట్టించిన రోజు.

తిట్టి ఉంటే బాగుండేది. నేనే వాగుతూ పోయాను. ఫిల్ములు మారాయనుకున్నాననీ, నా బట్టల దుమ్ము అనుకున్నాననీ, నీకు దగ్గు లేదు కదా అనుకున్నాననీ.

"నేను నీ కోసం వెళ్ళాననుకున్నావా అన్నయ్యా?" అన్నాడు.

వాడికి పోయినేడు నుంచీ దగ్గు. మెట్లెక్కితే ఆయాసం. షాపులో తెలిస్తే తీసేస్తారు, ఇంట్లో తెలిస్తే నాన్న గుర్తొచ్చి నేను చచ్చిపోతాను అనుకున్నాడట. మాకు వినపడకుండా స్నానాల గదిలో పంపు తిప్పుకుని దగ్గేవాడు. తెల్లవారుజామున ముందుగదిలో దగ్గింది వాడు. గోడ ఇవతల నా భార్య విని, అది నేననుకుంది. ఆవిడ చెప్పింది విని నేను భయపడ్డాను. భయపడి వాణ్ణే పంపాను.

"పేరు చెప్పకుండా ఎక్స్‌రే ఎక్కడ తీయించుకోవాలా అని చూస్తున్నాను. సరిగ్గా అప్పుడే నువ్వడిగావు. నువ్వు క్లియర్ అంటే, నాది క్లియర్ అనే కదా? మర్నాడు పొద్దున్నే వెళ్ళి మేస్త్రీ పనికి ఒప్పుకున్నాను."

ఇరవై ఆరు రోజులు. పెద్ద పలకలన్నీ వాడే.

అదంతా చెప్పి, అద్దం వైపు తిరిగి, మిగిలిన బుగ్గ గీసుకున్నాడు.

ఏప్రిల్ 6

నా భార్యకు చెప్పాను. ఆవిడ పీట మీద కూర్చుని, ఆ దగ్గు మీదేననుకున్నానండీ అని మళ్ళీ మళ్ళీ అంటోంది.

ఏప్రిల్ 7, మంగళవారం

వాణ్ణి అదే ఛాతీ ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. వాడు పని మానేశాడు. మానే ముందు తన కింద చేసే ఇద్దరికీ చెప్పాడట. ఒకడు నవ్వాడు. రెండోవాడు మాతోపాటే వచ్చి వరుసలో నిలబడ్డాడు.

కొత్త ఎక్స్‌రేలో కూడా మచ్చలే. ఏం పని అని డాక్టరు అడిగితే, వంటిళ్ళు బిగిస్తానన్నాడు. ఆయన రాయడం ఆపి, రాయి నీళ్ళతో కోస్తావా, పొడిగానా అని అడిగాడు. ఆ ప్రశ్న వేసిన మొదటి మనిషి ఆయనే.

పాత ఫిల్ము ఏదైనా ఉంటే కావాలన్నాడు. పక్కపక్కన పెట్టి చూస్తే, ఇది ఎంత వేగంగా పెరుగుతోందో కొంతైనా అంచనా వేయవచ్చట. దాన్ని బట్టే ఏం చేయాలో.

తమ్ముడు నా వైపు చూడలేదు. ఎప్పుడూ తీయించుకోలేదండీ అన్నాడు. నా ఉద్యోగం కోసం అలా అన్నాడు. అంత జరిగాక కూడా.

ఉందండి, తెస్తాను అన్నాను.

ఏప్రిల్ 9, గురువారం

నిండా మునిగినవాడికి చలేమిటి? కాంపౌండరు గదికి వెళ్ళి తలుపు తెరిచే ఉంచి చెప్పాను. ఆ ఫిల్ములో ఉన్నది నేను కాదు, నా తమ్ముడు, అది వాడికి కావాలి.

ఆయనకు అర్థం కావడానికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. మొదట కోపగించుకున్నాడు. నీ కోసం నేను బీరువాలో దాస్తే, అది నీది కూడా కాదా అన్నాడు. తరువాత మంచం మీద కూలబడి, మీ నాన్నకు వచ్చింది కూడా ఇదేరా, టీబీ కాదు అన్నాడు. నాకు తెలుసన్నాను. నాకెప్పుడు తెలిసిందో నాకే తెలియదు, కానీ తెలుసు.

ఇక దాచేది లేదని, మేనేజరు దగ్గరకు ఆయనే నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు. తన తప్పు కూడా తనే చెప్పుకున్నాడు. మేనేజరు నా గుర్తింపు కార్డు తీసుకుని సొరుగులో పడేశాడు. విచారణ అయ్యేదాకా రావద్దన్నాడు. సంతకాలు పెట్టించుకుని ఫిల్ము ఇచ్చారు.

గేటు దగ్గర పొడుగాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నీకు కూడానా అన్నా అని అడిగాడు. కాదు, నాకు లేవు అన్నాను. ఆ మాట అంటుంటే తల ఎత్తలేకపోయాను.

ఏప్రిల్ 13, సోమవారం

డాక్టరు రెండు ఫిల్ములనూ లైటు మీద పక్కపక్కన తగిలించాడు. తమ్ముణ్ణి పక్కగదిలో గొట్టంలోకి ఊదే పరీక్షకు పంపారు. పాత ఫిల్ము మీద నా పేరు చూసి ఇదెవరిదన్నాడు. చెప్పాను. ఆ రెండింటి మధ్య అతను పని చేశాడా అని అడిగాడు. చేశాడండీ, ఎక్కువగా చేశాడు, నేను బాగుందని చెప్పబట్టి చేశాడు అన్నాను. ఆయన రాసుకున్నాడు. కొంచెం ఏమన్నా అని ఉంటే నాకు కూర్చోవడం తేలికయ్యేది.

టీబీ కాదని తేలింది. సిలికా. లోపల కుదురుకున్నది ఇక బయటికి రాదు, దాన్ని తీసే మందు లేదు. కానీ ఈ నెల రోజుల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదట. ఇప్పుడే దుమ్ము పూర్తిగా మానేస్తే ఏళ్ళ తరబడి ఇలాగే ఉండిపోవచ్చు. ఉండకపోవచ్చు కూడా, మాట ఇవ్వలేనన్నాడు. మూడు నెలలకోసారి రావాలి. దుమ్ము లేని పని ఏదైనా చేసుకోవచ్చు.

నాకు గుండెల మీంచి బరువు దిగినట్టయింది. పరుగులాంటి నడకతో వరండాలోకి వచ్చాను. తమ్ముడు పరీక్ష అయిపోయి బల్ల మీద కూర్చుని ఉన్నాడు, ఊది ఊది మొహం ఎర్రబడి ఉంది. పక్కన కూర్చుని అంతా చెప్పాను. తేడా ఏమీ లేదట, ఇక్కడితో ఆగిపోవచ్చట, మానేస్తే చాలట, పని కూడా చేసుకోవచ్చట. డాక్టరు మాట ఇవ్వలేనన్నది కూడా చెప్పాను. ఈసారి ఏదీ దాచలేదు. ఒక్క అక్షరం కలపలేదు.

వాడు నా మొహంలోకి చూస్తూ అంతా విన్నాడు.

"ఇంతేనా?" అన్నాడు.

ఇంతే అన్నాను.

సరే అన్నయ్యా అన్నాడు. లేచి, చొక్కా సర్దుకుని, డాక్టరు గది తలుపు తట్టాడు. లోపలికి వెళ్ళి, ఆయన ఎదుట కుర్చీలో కూర్చుని, నాకేముందో మీరు నాకు చెప్పండి అని అడగడం వినపడింది. తరువాత తలుపు మూసుకుంది. నేను బల్ల మీద కూర్చుని ఉన్నాను.